సన్నగా తొక్కితే లాగి వదిలే బండి: పాత పెట్రోల్ కారులో అసలు కారణం పట్టుకోవడం ఎలా

రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే కుడి పక్కన సముద్రం, ముందు ఖాళీ రోడ్డు. నాలుగో గేరులో 50 స్పీడు. కాలు యాక్సిలరేటర్ మీద ఊరికే ఆనించి ఉంచితే చాలు. సరిగ్గా అలాంటి చోటే మా 2005 మోడల్ హ్యాచ్‌బ్యాక్ ఊగడం మొదలుపెట్టింది. ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక సెకను లాగుతుంది, మరో సెకను వదిలేస్తుంది. నా కాలు మాత్రం కదలడం లేదు. గట్టిగా తొక్కితే ఆ ఊగుడు పోతుంది. నలుగురం కూర్చుని సింహాచలం కొండ ఎక్కినా ఏ ఇబ్బందీ లేదు.

మొదట చూపించిన చోట మెకానిక్ ఒక రౌండు నడిపి, "పెట్రోల్ పంపు వీకైపోయిందండి, మార్చేద్దాం" అన్నాడు. మార్చాం. రెండు రోజులు బాగున్నట్టే అనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత ప్లగ్గులు మార్చాం, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు ఉన్న భాగం) క్లీనింగ్ చేయించాం. ఖర్చు పెరిగింది తప్ప ఊగుడు తగ్గలేదు. అప్పుడు మల్టీమీటర్ కొనుక్కుని, ఆదివారాలు కూర్చుని, ఒక వరుసలో వెతికాను. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను. ఈ సమస్యలో పార్టు మార్చి చూడడం కన్నా పరీక్ష చేసి చూడడం చాలా చవక.

సన్నగా తొక్కినప్పుడే ఎందుకు

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. కాలు కొద్దిగా మాత్రమే తొక్కినప్పుడు థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది. ఇంజిన్ గాలి కోసం పీలుస్తుంటుంది కాబట్టి ఇంటేక్ మ్యానిఫోల్డ్‌లో (గాలిని సిలిండర్లకు పంచే గొట్టంలో) వ్యాక్యూమ్ ఎక్కువ. అప్పుడు ఇంజిన్‌లోకి వెళ్ళే గాలే కొంచెం. ఆ కొంచెంలో ఎక్కడి నుంచో దొంగగాలి కలిస్తే దాని వాటా పెద్దది. అదే గట్టిగా తొక్కితే థ్రాటిల్ బార్లా తెరుచుకుంటుంది, వ్యాక్యూమ్ పడిపోతుంది, దొంగగాలి లెక్కలోకి రాదు. పైగా అప్పుడు ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. లోపం దాని కింద దాగిపోతుంది.

మెకానిక్‌లు దీన్ని 'లీన్' అంటారు: గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. పలచటి మిశ్రమం అంటుకోవడం కష్టం. ఒకసారి సరిగ్గా మండుతుంది, ఒకసారి మండదు. అదే మనకు లాగి వదిలినట్టు తెలుస్తుంది. కాబట్టి వెతకాల్సినవి మూడు: ఎక్కువైన గాలి, తక్కువైన పెట్రోల్, పలచటి మిశ్రమాన్ని అంటించలేని బలహీనమైన స్పార్క్. వీటి తర్వాతే సెన్సర్ల సంగతి.

ఇందులోంచే ఇంకో మాట. పంపు నిజంగా పోతుంటే ఇబ్బంది ముందుగా ఎక్కువ పెట్రోల్ కావాల్సిన చోట కనిపించాలి. అంటే కొండ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు. మా బండి సింహాచలం ఘాట్ హాయిగా ఎక్కుతోంది. ఆ ఒక్క విషయం ఆలోచించి ఉంటే పంపు డబ్బులు మిగిలేవి.

బానెట్ ఎత్తే ముందు

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని, పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒకే దారిలో రెండుసార్లు తిరగండి. నేను రుషికొండ, భీమిలి మధ్య ముక్క వాడాను. మీరు నడిపితే రాసేది పక్కవాళ్ళే కావాలి.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు: ఏసీ ఆపేయండి. మన వైజాగ్ ఉక్కలో ఏసీ లేకుండా ఎవరం నడపం, అందుకే ఇది చాలామందికి తట్టదు. కంప్రెసర్ పట్టి వదులుతున్నప్పుడు చిన్న ఇంజిన్ మీద పడే బరువు అచ్చం ఇలాంటి ఊగుడే ఇస్తుంది. ఏసీ ఆపగానే ఊగుడు పూర్తిగా పోతే మీ దారి వేరు: ఏసీ గ్యాస్, కంప్రెసర్ క్లచ్, ఐడిల్ (కాలు తీసేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచే వాల్వ్ చూపించుకోవాలి.

తర్వాత ఇవి రాసుకోండి. చల్లటి ఇంజిన్‌తో వస్తోందా, వేడెక్కాకే వస్తోందా? ఏ ఆర్‌పీఎం దగ్గర, ఏ గేరులో? మూడో గేరులోకి మార్చినా అదే స్పీడు దగ్గర వస్తే టైరు, యాక్సిల్ వైపు అనుమానించాలి. అదే ఆర్‌పీఎం దగ్గర వస్తే ఇంజిన్ వైపు. హెడ్‌లైట్లు వేస్తే పెరుగుతోందా? ట్యాంకు పావుకి తగ్గాక ఎక్కువవుతోందా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఐడిల్ నిలకడగా ఉందా?

చల్లటి ఇంజిన్‌తో బాగుండి వేడెక్కాకే వస్తే ఒక అర్థం ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచేది) మాట వినకుండా పెట్రోల్ కాస్త ఎక్కువే ఇస్తుంది. వేడెక్కాక సెన్సర్ చెప్పినట్టు నడుస్తుంది, కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ కూడా అప్పుడే పనిలోకి దిగుతుంది. మా బండిలో చల్లగా ఉన్నప్పుడు కొద్దిగా, వేడెక్కాక బాగా వచ్చేది.

కంటితో, చేత్తో చూడాల్సినవి

ఇరవై ఏళ్ళ బండిలో రబ్బరు ఏదీ కొత్తగా ఉండదు. ఇంజిన్ చల్లారాక ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న లావు గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని తిరిగి లోపలికి పంపే పీసీవీ గొట్టం, సన్నటి వ్యాక్యూమ్ పైపులు అన్నీ వేళ్ళతో వంచి చూడండి. పగుళ్ళు ఎప్పుడూ కింది వైపే, మనకు కనిపించని చోటే ఉంటాయి. చిన్న అద్దం, ఫోన్ టార్చ్ చాలు. క్లిప్పు దగ్గర గట్టిపడి వదులైన గొట్టం పగిలినదాంతో సమానం.

తీరం పక్కన ఉండేవాళ్ళు ఎర్త్ వైర్లను ప్రత్యేకంగా చూడాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఆరుబయట పెట్టే బండికి ఉప్పుగాలి ఏళ్ళ తరబడి తగులుతుంది. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే వైర్ల చివర పచ్చటి చిలుం, తుప్పు పడుతుంది. పైకి బోల్టు గట్టిగానే ఉంటుంది, కరెంటు మాత్రం సరిగా వెళ్ళదు. అప్పుడు సెన్సర్లు కంప్యూటర్‌కి తప్పుడు లెక్క చెప్తాయి. బాగున్న సెన్సర్ మీద నింద పడుతుంది.

దీన్ని కొలవడం తేలిక. ఇంజిన్ ఆన్ చేసి హెడ్‌లైట్లు, బ్లోవర్, ఏసీ అన్నీ వేయండి. మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్‌లలో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రమైన లోహానికి ఆనించండి. 0.1 వోల్ట్ లోపు ఉంటే మంచిది. అంతకన్నా ఎక్కువుంటే ఆ వైరు విప్పి, ఇసుక కాగితంతో రెండు వైపులా మెరిసేలా రుద్ది, బిగించాక పైన వాసెలిన్ రాయండి.

దొంగగాలి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

వ్యాక్యూమ్ గేజ్ ఖరీదైనది కాదు. మ్యానిఫోల్డ్ మీద ఏదైనా సన్నటి పైపు దగ్గర తగిలించి, వేడి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా చూడండి. బాగున్న ఇంజిన్ సముద్ర మట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) చూపిస్తుంది, ముల్లు నిలకడగా ఉంటుంది. మనం సముద్రం పక్కనే ఉన్నాం కాబట్టి పుస్తకంలో అంకె యథాతథంగా పనికొస్తుంది. అదే ఇంజిన్‌ని అరకు తీసుకెళ్తే మూడు అంగుళాల దాకా తక్కువ చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. ముల్లు స్థిరంగా తక్కువ దగ్గర ఉంటే లీకో, టైమింగ్ తేడానో. క్రమంగా కొట్టుకుంటుంటే ఒక సిలిండర్‌లో ఇబ్బంది.

తర్వాత గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చూడాలి. గుడ్డ చుట్టిన ప్లయర్‌తో బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కండి, పీసీవీ గొట్టం నొక్కండి, పెట్రోల్ ఆవిరి క్యానిస్టర్ నుంచి వచ్చే గొట్టం నొక్కండి. ఏది నొక్కితే శబ్దం మారి ఇంజిన్ సర్దుకుంటుందో ఆ దారిలో వెతకండి. పీసీవీ గొట్టం మూస్తే ఐడిల్ కొద్దిగా మారడం మామూలే. క్యానిస్టర్ వాల్వ్ మాత్రం సన్నగా తొక్కి పోతున్నప్పుడు తెరుచుకుంటుంది. అందుకే దాని గొట్టం తాత్కాలికంగా మూసి రోడ్డు మీద ఒక రౌండు వేసి చూడడం మంచిది. బ్రేక్ గొట్టం మూసి మాత్రం ఎప్పుడూ బండి కదపకూడదు.

అతుకుల దగ్గర చాలామంది కార్బ్ క్లీనర్ కొడతారు. వేడి సైలెన్సర్ పైపు పక్కన అది భగ్గుమంటుంది. దానికి బదులు మామూలు నీళ్ళ స్ప్రే సీసా వాడండి. ఐడిల్‌లో ఉన్న ఇంజిన్ మీద, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర, థ్రాటిల్ బాడీ కింద, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు దిగే చోట కొద్దికొద్దిగా చల్లండి. లీకు ఉన్న చోట నీళ్ళు పడగానే ఒక్క క్షణం ఇంజిన్ శబ్దం మారుతుంది. కాయిల్, ప్లగ్ వైర్లు తడపకండి. చేతులు, చొక్కా బెల్టుకి, ఫ్యానుకి దూరంగా ఉంచండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గాలిని నేరుగా కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఏ లీకైనా లీన్ చేస్తుంది. మన చిన్న కార్లలో చాలావాటికి మ్యానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. ఇందులో పెద్ద గొట్టం లీకైతే ఒత్తిడి పెరిగినట్టు తెలిసి కంప్యూటర్ పెట్రోల్ కూడా పెంచేస్తుంది. అప్పుడు ఊగుడు కన్నా ఐడిల్ పెరిగిపోవడం ముందు కనిపిస్తుంది. కానీ లీకు ఒక్క సిలిండర్ పక్కన మాత్రమే ఉంటే మ్యాప్ సెన్సర్‌కి అది తెలియదు. ఆ ఒక్క సిలిండర్ లీన్‌గా నడుస్తూ ఉంటుంది. మాకు జరిగింది ఇదే.

ప్లగ్గులు పారేయకుండా చదవండి

మొదటిసారి పాత ప్లగ్గులు చూడకుండా చెత్తలో వేశాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే జవాబు వాటి మీదే రాసి ఉండి ఉంటుంది. రెండోసారి విప్పినప్పుడు నాలుగింటినీ సిలిండర్ల వరుసలో కాగితం మీద పెట్టాను. మూడు లేత గోధుమ రంగులో ఉన్నాయి. రెండో సిలిండర్‌ది మాత్రం సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. తెలుపు అంటే లీన్, నల్లటి మసి అంటే పెట్రోల్ ఎక్కువ, తడి నల్లటి జిడ్డు అంటే ఇంజిన్ ఆయిల్. నాలుగూ ఒకేలా తెల్లగా ఉంటే అందరికీ కలిపి వచ్చిన సమస్య: పెట్రోల్ ఒత్తిడి, సెన్సర్. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ పక్కనే వెతకాలి.

ప్లగ్గు మొనల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో మీ బండి పుస్తకంలో చెప్పినంతే పెట్టండి. ప్లగ్ వైర్లు ఉన్న బండిలో ఒక్కో వైరు రెసిస్టెన్స్ కొలిచి పోల్చండి. పొడవుని బట్టి తేడా ఉంటుంది, కానీ ఒకటి మిగతావాటికన్నా చాలా ఎక్కువ చూపిస్తే దాన్ని మార్చాల్సిందే. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే లీకయ్యే వైర్ల మీద నీలం మెరుపులు కనిపిస్తాయి. మన తేమలో, ముఖ్యంగా వానాకాలంలో, ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటే క్యాప్ లోపల సన్నటి నల్లగీతలు, తెల్లటి పొడి చూడండి.

బలహీనమైన సిలిండర్ ఏదో తేల్చడానికి ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి మళ్ళీ పెట్టండి. మంచి సిలిండర్‌ది తీస్తే ఇంజిన్ గట్టిగా వణుకుతుంది. ఏది తీసినప్పుడు తేడా తక్కువో అది మీ అనుమానితుడు. నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్ వైరు లాగకండి. షాక్ కొడుతుంది, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని, పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌ని పాడుచేస్తుంది.

పెట్రోల్ వైపు

ఒక్కో సిలిండర్‌కి విడిగా ఇంజెక్టర్ ఉండే ఎంపీఎఫ్ఐ చిన్న కార్లలో పంపు ఒత్తిడి సాధారణంగా 2.5 నుంచి 3.5 బార్ మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె మీ బండి పుస్తకంలో చూడండి. ఇది నేర్చుకుంటూ చేసే పని కాదు, గేజ్ ఉన్న షాపులో చేయించండి. గాజువాక ఆటోనగర్‌లో అడిగితే గేజ్ ఉన్నవాళ్ళు దొరుకుతారు. "పంపు మార్చండి" అనకుండా "ప్రెజర్ ఎంతుందో కొలిచి చూపించండి" అనండి. ఆ రెండు మాటలకీ మధ్య చాలా డబ్బు తేడా ఉంది. ఒత్తిడి తక్కువుంటే కూడా ముందు ఫిల్టర్ మార్చి, పంపు దగ్గర వోల్టేజ్ కొలవాలి. తుప్పు పట్టిన కనెక్టర్ మంచి పంపుని కూడా చెడ్డదానిలా చూపిస్తుంది.

పెట్రోల్ గురించి పాత బండ్లవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. వట్టి పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. 20 శాతం కలిస్తే అది సుమారు 13.5కి దిగుతుంది. అంటే వట్టి పెట్రోల్‌కి సెట్ చేసిన బండి అదే సెట్టింగ్‌తో 8 శాతం దాకా లీన్‌గా నడుస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే కంప్యూటర్ దీన్ని సర్దుకుంటుంది. సెన్సర్ మొద్దుబారితే సర్దుకోలేదు. అంతకుముందు అంచు మీద నడుస్తున్న బండి ఇప్పుడు ఊగడం మొదలుపెడుతుంది. ఇథనాల్ తేమని పీలుస్తుంది, పాత రబ్బరుని కూడా దెబ్బతీస్తుంది. తీరం ఊళ్ళో బండిని నెలల తరబడి పావు ట్యాంకుతో కదపకుండా ఉంచకండి.

సెన్సర్లు

వీటిని చివరికి పెట్టడం నా పద్ధతి, ఎందుకంటే పైవన్నీ సరిగా లేకుండా సెన్సర్ ఇచ్చే లెక్కని నమ్మలేం.

సన్నగా తొక్కినప్పటి ఊగుడుకి ముందు చూడాల్సింది థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. రోజూ సిటీలో నడిపే బండిలో కాలు ఎప్పుడూ అదే చిన్న పరిధిలో ఉంటుంది. సెన్సర్ లోపలి పట్టీ అక్కడే అరుగుతుంది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, సిగ్నల్ వైరు దగ్గర వోల్టేజ్ చూస్తూ యాక్సిలరేటర్‌ని చాలా నెమ్మదిగా తొక్కించండి. సుమారు 0.5 వోల్ట్ నుంచి 4 వోల్ట్‌ల పైదాకా మెత్తగా పెరగాలి. మధ్యలో ఒక్కసారి పడిపోతే లేదా గెంతితే సెన్సర్ అరిగినట్టే. దీనికి ముల్లు కదిలే పాత రకం మీటర్ బాగుంటుంది. డిజిటల్ మీటర్ ఆ చిన్న గెంతుని మింగేస్తుంది.

ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ వేడి ఇంజిన్ 2500 ఆర్‌పీఎం దగ్గర 0.1, 0.9 వోల్ట్‌ల మధ్య చకచకా ఊగుతుండాలి. మధ్యలో బద్ధకంగా తిరిగితే దాని పని అయిపోయింది. కానీ స్థిరంగా 0.1 పక్కనే ఉంటే అది నిజమే చెప్తుండొచ్చు. లీన్‌గా ఉందని చెప్పే సెన్సర్‌ని మార్చేస్తే లీన్ పోదు.

ఈజీఆర్ వాల్వ్ ఉన్న బండిలో, అది మసిపట్టి పూర్తిగా మూసుకోకపోతే కాలిన పొగ ఇంజిన్‌లోకి చేరి ఇదే ఊగుడు ఇస్తుంది. పరీక్ష కోసం దాని వ్యాక్యూమ్ పైపు తీసి మూసి, ఒక రౌండు నడిపి, వెంటనే తిరిగి పెట్టేయండి. ఆ రౌండులో ఊగుడు పోతే వాల్వ్ ఎక్కువ తెరుచుకుంటున్నట్టు. పోకపోయినా వదిలేయకండి, ఎందుకంటే మసితో తెరుచుకుని ఇరుక్కుపోయిన వాల్వ్‌కి పైపు తీసినా తేడా రాదు. విప్పి మసి శుభ్రం చేసి చూడాలి.

బండి కంప్యూటర్‌లోని లోపాల లెక్క చదివే ఓబీడీ స్కానర్ గురించి చాలామంది అడుగుతారు. మన దేశంలో బీఎస్-4 కాలుష్య నిబంధనలతోపాటు 2010 నుంచి దశలవారీగా ఓబీడీ తప్పనిసరి చేశారు. అంతకుముందు బండ్లకు చవక బ్లూటూత్ స్కానర్ కలవకపోవచ్చు, ఆ కంపెనీ స్కానర్ ఉన్న షాపుకి వెళ్ళాలి. కలిస్తే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో) చూడండి. ఐడిల్‌లో ప్లస్ 15, 20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నాకి దగ్గరగా వస్తే దొంగగాలి. ఐడిల్‌లో బాగుండి బరువు పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ చాలడం లేదు.

కార్బురేటర్ బండ్లు

పాత మారుతి 800, అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్ళకి అద్భుతమైన పరీక్ష చేతి దగ్గరే ఉంది. ఊగుతున్నప్పుడు గాలి తగ్గించే చోక్ నాబ్ అర అంగుళం లాగండి. ఊగుడు ఆగితే మిశ్రమం లీన్ అని తేలిపోయింది. జెట్లలో (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల్లో) చెత్త, ఫ్లోట్ మట్టం (కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం) తక్కువ, కార్బురేటర్ కింది గ్యాస్కెట్ లీకు, ఈ వరుసలో చూడండి. జెట్లకి తీగ పెట్టి పొడవకండి. రంధ్రం కొలత మారిపోతుంది. క్లీనర్, గాలి చాలు. చోక్ లాగినా మార్పు లేకపోతే డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండి స్పార్క్‌ని ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్‌ని నోటితో పీల్చి చూడండి. చిరిగి ఉంటే గాలి వచ్చేస్తుంది.

మా బండిలో దొరికింది

తెల్లటి ప్లగ్గు రెండో సిలిండర్‌ది. కనెక్టర్ తీసినప్పుడు తేడా తక్కువ చూపింది కూడా అదే. రెండో ఇంజెక్టర్ మొదట్లో నీళ్ళు చల్లగానే ఇంజిన్ శబ్దం సన్నబడింది. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, ఒత్తిడి పోయాక ఇంజెక్టర్లు విప్పించాం. కింది రబ్బరు రింగు గోటితో నొక్కితే పొడిపొడి అయింది. నాలుగింటికీ కొత్త రింగులు వేశాం. వాటి ఖర్చు పంపు ఖరీదు ముందు లెక్కలోకే రాదు.

ఊగుడు ముప్పావు వంతు పోయింది. మిగిలిన పావు కోసం మళ్ళీ మొదటి పేజీకి వచ్చాను. పుస్తకంలో "హెడ్‌లైట్లు వేస్తే కొంచెం ఎక్కువ" అని మా ఆవిడ రాసిన వాక్యం ఉంది. ఎర్త్ కొలిస్తే 0.4 వోల్ట్ వచ్చింది. గేర్‌బాక్స్ మీది ఎర్త్ వైరు విప్పితే కింద అంతా పచ్చటి చిలుం. రుద్ది బిగించాం.

మర్నాడు పొద్దున్నే అదే దారి, అదే నాలుగో గేరు, అదే 50 స్పీడు, ఈసారి ఏసీ, హెడ్‌లైట్లు వేసి. తొట్లకొండ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు, ఇంజిన్ శబ్దం వింటూ కూర్చున్నాం. భీమిలి దాకా ఒకే నాదం. మా ఆవిడ పుస్తకంలో తేదీ వేసి "ఊగలేదు" అని రాసింది.